బరువులో తండ్రి వాటా ఎంత?

పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుడి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బరువు చుట్టూ తిరిగినవే. నట్టల మందు, చిటుకు రోగం ప్రశ్నలు పంపినవాళ్లు ఏమీ అనుకోవద్దు, వాటిని వచ్చే సంచికకు పెడుతున్నాను. అనంతపురం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, రిటైరై కడపలో కూర్చున్నవాణ్ణి. బరువు గురించి అడిగితే నా నోరు అంత తొందరగా మూతపడదు.

కళ్యాణదుర్గం దగ్గరి పల్లె నుంచి ఒక యువ పాఠకుడు: సార్, మాకు 70 తల్లి గొర్రెలు ఉన్నాయి. పోయిన ఏడాది మా నాయనతో కొట్లాడి, మా రెండు పొట్టేళ్లలో ఒకదాన్ని అమ్మేసి, బయటి మంద నుంచి 42 వేలు పెట్టి ఒక పొట్టేలును తెచ్చినాను. చూస్తే ఏనుగు పిల్ల మాదిరి ఉంటుంది. కానీ దాని పిల్లలు మూడు నెలలకు మా పాత పొట్టేలు పిల్లల మాదిరే ఉన్నాయి. మా నాయన రోజూ రాత్రి "నలభై రెండు వేలు" అని ఒకసారి అన్నాకే అన్నంలో చెయ్యి పెడుతున్నాడు. నేను మోసపోయినానా?

జవాబు: నాయనా, మీ నాయన మాటలు పడటానికి నీకొక తోడు ఉన్నాడు. నేనే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో రాయదుర్గం వైపు ఒక ఊళ్లో పొట్టేలును చూశాను. జోడిపి రకం. తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ, మూతి దగ్గర నలుపు. ఎదురుగా వచ్చి నిలబడితే దూడేమో అనిపించేది. నలుగురు గొర్రెల కాపరులను కూర్చోబెట్టి, నాకు తెలిసిన జన్యుశాస్త్రం అంతా చెప్పి, వాళ్ల చేత డబ్బులు పోగు చేయించి కొనిపించాను. ఎనిమిది నెలలకు పిల్లలు పుట్టాయి, పెరిగాయి, ఏ విశేషమూ లేదు. ఆ నలుగురిలో ఒకాయన నన్ను ఏమీ అనలేదు కానీ, నేను ఊళ్లోకి పోయినప్పుడల్లా ఆ పిల్లలను నా జీపు ముందు నుంచే తోలుకుపోయేవాడు.

చివరికి అమ్మినవాళ్ల ఇంటికే పోయాను. మగవాళ్లు లేరు, ఒక అవ్వ ఉంది. పొట్టేలు ఎట్లా పెరిగిందని అడిగితే ఆమె ముఖం వెలిగిపోయింది. "దానికేం సారూ, ఈనగానే తల్లి చచ్చిపోయింది. మేకపాలు పట్టినా. అవి చాలకుంటే మా ఆవుపాలు పట్టినా. రాత్రిపూట శనక్కాయ చెక్క నానబెట్టి పెట్టేదాన్ని. మా పిల్లకాయల కంటే అదే బాగా తినింది" అని చెప్పింది.

అంటే నేను డబ్బు పోయించి కొనిపించింది అవ్వ పెంపకాన్ని. అవ్వ మాత్రం పొట్టేలుతో పాటు రాలేదు.

ఇక నీ పొట్టేలు లెక్కకు వద్దాం. అది పుట్టిన మందలో, అదే కాలంలో పుట్టిన పోతు పిల్లలు మూడు నెలలకు సగటున 13 కిలోలు తూగాయనుకుందాం. ఇది 19 తూగింది. ఆరు కిలోలు ఎక్కువ. ఈ ఆరులో తల్లి పాల వంతు ఉంది, మేత వంతు ఉంది, ముందు పుట్టడం వల్ల వచ్చిన వంతు ఉంది, వట్టి అదృష్టం వంతు కూడా ఉంది. పిల్లలకు దిగేది జన్యువుల వంతు ఒక్కటే. గొర్రెల్లో గానీ మాంసపు పశువుల్లో గానీ ఈ వయసు బరువుకు ఆ వంతును సుమారు పావు అని వేసుకుంటే పెద్ద తప్పు ఉండదు. ఆరులో పావు అంటే కిలోన్నర. అందులోనూ తండ్రి పిల్లకు ఇచ్చేది సగమే, మిగతా సగం నీ గొర్రెలే ఇవ్వాలి. కిలోన్నరలో సగం ముప్పావు కిలో.

తండ్రిలో ఆరు కిలోలు, పిల్లలో ముప్పావు కిలో. ఇందులో మోసం లేదు, ప్రపంచంలో ఎక్కడైనా లెక్క ఇట్లాగే నడుస్తుంది.

ఆ ముప్పావు కిలో కంటికి కనిపించదు. మందలో పిల్లకూ పిల్లకూ మధ్య రెండు మూడు కిలోల తేడా మామూలే కదా, అందులో ఇది కలిసిపోతుంది. "మాదిరే ఉన్నాయి" అని రాశావు. తూకం వేసి రాశావా, దొడ్డి గోడ మీద కూర్చుని చూసి రాశావా? నీ ఉత్తరంలో ఒక్క కిలో అంకె కూడా లేదు కాబట్టి అడుగుతున్నాను.

డబ్బు లెక్క కూడా చూడు. ఈ పొట్టేలుకు ఒక ఈతలో 40 పిల్లలు వస్తే, తలకు ముప్పావు కిలో చొప్పున 30 కిలోలు. ప్రాణంతో కిలో 400 అనుకుంటే 12 వేలు. పొట్టేలు నాలుగు ఈతలు నిలిస్తే పెట్టింది వెనక్కి వస్తుంది, చివర్లో దాన్ని అమ్మిన డబ్బు పైన. ఈ కాగితం మీ నాయనకు అన్నం తినకముందే చూపించు. అయితే ఒక మెలిక ఉంది. అది తన తోటి పిల్లల కంటే ఆరు కిలోలు ఎక్కువ ఉండిందని మనం అనుకున్నాం, అంతే. నీకు తెలిసింది కొన్ననాటి దాని సైజు ఒక్కటే. ఆ మందలో పిల్లలన్నీ శనక్కాయ కట్టె మేసి, దాణా తిని 18 కిలోలు ఉండి ఉంటే, నీది ఎక్కువ ఉండింది ఒక్క కిలోనే. అప్పుడు పిల్లలకు దిగేది నూటపాతిక గ్రాములు. కొనేటప్పుడు చూడాల్సింది దాని పక్కన నిలబడ్డ తోటి పిల్లలను. సంతలో అవి ఉండవు కాబట్టే నేను సంతలో విత్తనపు పొట్టేలును కొనవద్దంటాను.

నీ దగ్గర పాత పొట్టేలు ఇంకొకటి ఉండటం మంచిదయింది. రెండింటినీ పోల్చుకోవచ్చు. ఈసారి గొర్రెలను రెండు భాగాలు చెయ్యి. మంచివన్నీ కొత్తదానికి, మిగిలినవి పాతదానికి అని పంచావంటే మొత్తం చెడిపోతుంది. పొట్టేలు మీద ప్రేమతో చాలామంది చేసే పని ఇదే. తొలి ఈత గొర్రెలు అటు సగం ఇటు సగం, ముసలివి అటు సగం ఇటు సగం. జత కట్టే నెలన్నర రోజులు రాత్రిపూట వేరు వేరు దొడ్లలో ఉంచి, పగలు వంతులేసుకుని వేరుగా మేపండి. పిల్లలు పుట్టాక మాత్రం అన్నీ ఒకే మందగా, ఒకే బీడులో తిరగాలి. అది తప్పితే నువ్వు కొలిచేది బీడును, పొట్టేలును కాదు.

తూకానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. వేప కొమ్మకు వేలాడే కాటా, దానికి నాలుగు మూలలా తాడు కట్టిన గోనెసంచి చాలు. సంచికి నాలుగు బొక్కలు పెట్టి కాళ్లు కిందికి దింపితే పిల్ల తన్నుకోదు. ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూడాలి, చదివేవాడు ఒకడు, రాసేవాడు ఒకడు ఉండాలి. చదివినవాడే రాస్తే మధ్యలో అంకె మారుతుంది. నేను ఇట్లా 12.4ను 14.2గా రాసి, ఒక సాదాసీదా పిల్లను నెల రోజులు మహారాజును చేశాను.

పుట్టిన రోజు బరువు, తేదీ, తల్లి నంబరు, తండ్రి, ఒంటిదా కవలా, తల్లికి ఎన్నో ఈత అని రాయి. మళ్లీ మూడు నెలలకు తూకం. అన్నీ ఒకే రోజు పుట్టవు కాబట్టి అన్నింటినీ 90 రోజులకు సరిచెయ్యాలి. ఒక పిల్ల 2.6 కిలోలతో పుట్టి 105 రోజులకు 12.6 తూగింది. ఇంకొకటి 2.4తో పుట్టి 80 రోజులకు 10.9 తూగింది. చూపుకు మొదటిదే మేలు. పెరిగిన బరువును రోజులతో భాగించి, 90తో గుణించి, పుట్టిన బరువు కలుపు. మొదటిది 11.2 అవుతుంది, రెండోది 12. చిన్నదే గెలిచింది.

ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో మాంసపు పశువుల పెంపకందారులు దూడ బరువును 205 రోజులకు ఇదే పద్ధతిలో సరిచేస్తారు. దాని మీద తల్లి వయసు లెక్క కూడా వేస్తారు. రెండేళ్ల తల్లి దూడ మగదైతే దాని బరువుకు 60 పౌండ్లు, అంటే 27 కిలోలు కలుపుతారు. మూడేళ్ల తల్లి అయితే 40 పౌండ్లు, నాలుగేళ్లకు 20. ఐదు నుంచి పదేళ్ల తల్లికి ఏమీ కలపరు, పదకొండు, ఆపైన అయితే మళ్లీ 20. చిన్న తల్లి తక్కువ పాలిచ్చిందని దూడ జన్యువులను తప్పుపట్టకూడదు కదా. మన దగ్గర తొలి ఈత గొర్రెల పిల్లలనే ముందు సంతకు తోలుతాం. అందులో ఎన్ని మంచి పొట్టేళ్లు బిర్యానీ అయ్యాయో.

ఒక ఈతతో తేల్చెయ్యవద్దు. ఒక్కో తండ్రికి 35 పిల్లలున్నా, ముప్పావు కిలో తేడా నిజమో గాలివాటమో చెప్పడం కష్టం. రెండో ఈత కూడా తూచి, ఆ నోట్‌బుక్కు ఫోటో నాకు పంపించు.

ప్రొద్దుటూరు నుంచి ఒక విద్యార్థిని: నమస్తే సార్. నేను పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. మాంసపు పశువుల ఎదుగుదల మీద ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. ఆరు ఆబోతుల దూడల తూకాలు ఉన్నాయి. తండ్రుల మధ్య వేరియన్స్ 40, మిగతాది 83 వచ్చింది. సూత్రం ప్రకారం 40ని నాలుగుతో గుణించి మొత్తంతో భాగిస్తే హెరిటబిలిటీ, అంటే తేడాల్లో జన్యువుల వంతు, 1.3 వస్తోంది. ఒకటి దాటకూడదు కదా సార్! నాలుగుసార్లు చేసినా అదే వస్తోంది, చాలా టెన్షన్‌గా ఉంది. అసలు ఆ నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది? (ఒక్కో ఆబోతు ఒక్కో ఫారంలోది.)

జవాబు: అమ్మా, జవాబు నువ్వే బ్రాకెట్లో పెట్టి పంపావు. అక్కడికి తర్వాత వస్తాను, ముందు నాలుగు సంగతి.

ఒక ఆబోతుకు వేరు వేరు ఆవుల్లో దూడలు పుట్టాయి. వాటిని కలిపేది తండ్రి ఒక్కడే. తండ్రి తన జన్యు విలువలో సగమే దూడకు పంపుతాడు. కాబట్టి తండ్రుల గుంపుల మధ్య నువ్వు చూసే తేడా, వాళ్ల అసలు జన్యు తేడాలో సగం. వేరియన్స్ అంటే తేడాల వర్గం కదా, సగాన్ని వర్గం చేస్తే పావు. నీ 40లో కనిపించేది జన్యు వేరియన్స్‌లో పావు వంతే అన్నమాట. మొత్తం కావాలంటే నాలుగుతో గుణించాలి, అంతే. సూత్రం బట్టీ పట్టినవాళ్లకు పరీక్ష అయిన మర్నాడు ఈ నాలుగు గుర్తుండదు. సగం, వర్గం, పావు అని గుర్తుపెట్టుకుంటే అరవై ఏళ్లకు కూడా మరవవు, నా పూచీ.

ఇప్పుడు నీ బ్రాకెట్. ఒక్కో ఆబోతు ఒక్కో ఫారంలో ఉంటే, ఆబోతు తేడా, ఫారం తేడా రెండూ ఒకే కుండలో పడ్డాయి. ఒక ఫారంలో గడ్డి బాగుంది, ఇంకోచోట నీళ్లు లేవు, మరోచోట మనిషి మంచివాడు. ఇవన్నీ 40లోకి దూరాయి. ఆపైన నువ్వు వాటిని కూడా నాలుగుతో గుణించావు! గడ్డిని నాలుగింతలు చేసి జన్యువులు అని పేరు పెడితే 1.3 కాక ఇంకేం వస్తుంది? 160ని 123తో భాగించిన నీ భాగహారం సరిగ్గానే ఉంది. డేటా నీతో అబద్ధం చెప్పింది, లెక్క దాన్ని పట్టించింది. అసైన్‌మెంట్‌లో 1.3 అనే రాసి, కింద ఎందుకు వచ్చిందో రాయి. తప్పులు దిద్దే మాస్టారు బుద్ధిమంతుడైతే దానికే ఎక్కువ మార్కులు వేస్తాడు.

ఆబోతును, ఫారాన్ని విడదీయాలంటే ఒకే ఫారంలో కనీసం ఇద్దరు తండ్రుల దూడలు ఉండాలి, ఒకే తండ్రి దూడలు ఒకటికి మించి ఫారాల్లో ఉండాలి. కృత్రిమ గర్భధారణ వచ్చాక ఇది సులువైంది. ఒకే ఆబోతు వీర్యం పది ఊళ్లకు పోతే, ఆ ఆబోతే పది ఊళ్లనూ కట్టే తాడు అవుతుంది. ఒకే చోట, ఒకే కాలంలో, ఒకే మేత మీద పెరిగినవాటిని ఒక సమకాలీన గుంపు అంటారు. పోలిక ఎప్పుడూ ఆ గుంపు లోపలే. మన జిల్లాలకు ఇది ఇంకా ముఖ్యం. అనంతపురంలో సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, కానీ ఆ సగటు వాన పడిన ఏడాదిని నేను చూసింది తక్కువ. ఒక ఏడు వరద, రెండేళ్లు దుమ్ము. మంచి వాన ఏడాదిలో పుట్టినవాటికి తండ్రైన ప్రతి పొట్టేలూ మొనగాడే.

ఇన్ని గుంపులు, ఇంతమంది తండ్రులు, తల్లులు, తాతలను ఒకే సమీకరణంలో కట్టి, వాతావరణాన్ని ఒకపక్కకు, జన్యు విలువను ఇంకోపక్కకు వేరు చేసే పద్ధతిని ఇచ్చినవాడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన చార్లెస్ హెండర్సన్. మీ పుస్తకంలో బ్లప్ అని ఉంటుంది చూడు. ఇప్పుడు అక్కడి మాంసపు పశువుల జాతుల సంఘాలన్నీ ఆబోతులకు ఇచ్చే ఈపీడీ అంకెలు ఆ చెట్టు కాయలే. ఈపీడీ అంటే ఆ ఆబోతు దూడలు ఇంకో ఆబోతు దూడల కంటే ఎన్ని పౌండ్లు ఎక్కువ తూగుతాయని ఆశించవచ్చో చెప్పే అంకె. తండ్రి నుంచి దిగే సగం అందులో ముందే లెక్కలో ఉంటుంది.

నీకు ఎంత రావాల్సిందో ఒక అంచనా ఉంటే మంచిది. మాంసపు పశువుల్లో పుట్టిన బరువుకు హెరిటబిలిటీ సుమారు 0.3 నుంచి 0.4, ఏడాది బరువుకు కూడా అంతే. పాలు మాన్పించే నాటి బరువుకు కొంచెం తక్కువ, 0.2 నుంచి 0.3. ఎందుకు తగ్గిందంటావు? ఆ వయసుకు దూడ బరువు సగం తన ఎదుగుదల, సగం తల్లి పొదుగు. తల్లి పాల సామర్థ్యం కూడా జన్యువులదే, కానీ తల్లి జన్యువులది. దూడకు అది జన్యువు కాదు, వాతావరణం. ఒకే తూకంలో ఇద్దరి జన్యువులు కూర్చున్నాయి. అందుకే పాలు మాన్పించే బరువుకు రెండు హెరిటబిలిటీలు ఇస్తారు: దూడ సొంతది ఒకటి, తల్లిది ఒకటి. చాలా లెక్కల్లో ఆ రెండింటి మధ్య సంబంధం రుణాత్మకంగా, అంటే ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గేట్టు వచ్చింది. అది నిజంగా జీవశాస్త్రమా, లెక్కలోని లోపమా అని పండితులు కొట్లాడుకున్నారు, నువ్వు ఈ ఏడాదికి అందులోకి దిగవద్దు.

మరొక్కటి. హెరిటబిలిటీ 0.3 అంటే ఈ దూడ బరువు 200 కిలోల్లో 60 కిలోలు జన్యువులవని మీ సీనియర్లు చెబుతారు. నమ్మవద్దు. అది ఒక దూడ గురించి చెప్పే మాటే కాదు. ఆ మందలో దూడకూ దూడకూ ఉన్న తేడాల్లో ఎంత భాగం జన్యు తేడాల వల్ల వచ్చిందో చెబుతుంది, అంతవరకే. మంద మారితే, మేత మారితే ఆ అంకె కూడా మారుతుంది. ఇంకా ఆరుగురు తండ్రులంటే మరీ తక్కువ. ఫారం గొడవ లేకపోయినా ఇంత తక్కువమందితో సున్నా కింద కూడా రావచ్చు.

మైదుకూరు నుంచి ఒక పెద్దాయన: డాక్టరు గారికి నమస్కారాలు. నేను నలభై ఏళ్లుగా ఎద్దులను సాకుతున్నాను, బండలాగుడు పోటీలకు పోతాను. బ్రెజిల్‌లో మన ఒంగోలు గిత్తలు మనకంటే రెండింతలు పెరిగాయని మా మనవడు ఫోన్‌లో చూపిస్తున్నాడు. మన జాతి మన దగ్గర కంటే అక్కడే మెరుగైందా? ఇది మనకు సిగ్గు కాదా?

జవాబు: పెద్దాయనా, సిగ్గు అక్కర్లేదు. వాళ్లు అడిగింది వేరు, మీరు అడిగింది వేరు.

అక్కడ ఆ జాతిని నెలోరె అంటారు, మన నెల్లూరు పేరే. పందొమ్మిదో శతాబ్దంలోనే మన తూర్పు తీరం నుంచి గిత్తలు ఓడలెక్కాయి, చివరి పెద్ద దిగుమతులు 1960ల మొదట్లో జరిగాయి. అప్పుడు పోయిన కరవది అనే గిత్త పేరు అక్కడి పశువుల వంశవృక్షాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. కరవది అంటే ఒంగోలు పక్కన ఊరే. ఈవేళ బ్రెజిల్‌లో మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం నెలోరె రక్తమే.

వాళ్లకు కావాల్సింది బీడులో గడ్డి మేసి బరువెక్కే పశువు. మీకు కావాల్సింది కాడి కింద నిలిచేది, బండను కదిలించేది, పేరు పెట్టి పిలిస్తే చెవి తిప్పేది. మనవైపు పశువును కిలోల కోసం సాకే పద్ధతి లేదు, తూకం చూసి అమ్మేది పొట్టేలునే. వాళ్లు బరువును తూచి, రాసి, దాన్ని బట్టి ఆబోతును ఎంచారు. అరవై ఏళ్లు ఒకే వైపు లాగితే బండ కదలక ఏం చేస్తుంది? అది మీకు తెలియనిదా.

సావో పాలో రాష్ట్రంలోని సెర్తావ్‌జిన్యోలో వాళ్లు చేసిన పని నాకు భలే నచ్చింది. 1970ల చివరి నుంచి అక్కడి ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో నెలోరె పశువులను వేరు వేరు మందలుగా పెట్టారు. ఎంపిక మందలో ఏడాది దాటాక, 378 రోజుల బరువు చూసి ఎక్కువ ఉన్న కోడెలను తండ్రులుగా ఉంచారు. రెండోదాంట్లో కావాలనే సగటు బరువున్న కోడెలనే ఉంచారు. రెండూ ఒకే గడ్డి, ఒకే ఎండ. సగటు మందను ఏళ్ల తరబడి సాకడం వట్టి దండగ అనిపిస్తుంది కదా? కానీ అదే అసలు కొలబద్ద. కరువు వస్తే రెండు మందలూ తగ్గుతాయి, మంచి ఏడాది రెండూ పెరుగుతాయి. రెండింటి మధ్య ఏటేటా పెరుగుతూ పోయిన ఎడం ఉంది చూశారూ, అది ఎంపిక వల్ల వచ్చింది. మనవడు ఫోన్‌లో చూపించే గిత్తను దాని మేత, దాని దాణా, ఫోటో తీసిన కోణం తీసేసి చూడాలంటే అట్లాంటి మంద పక్కన ఉండాలి. ప్రదర్శనకు పెంచిన గిత్తను చూసి జాతిని అంచనా వేయవద్దు. మా రాయదుర్గం పొట్టేలు కథ పైనే రాశాను, చదవండి.

వాళ్లు పోగొట్టుకునేది కూడా ఉంటుంది. ఏడాది బరువు, పుట్టిన బరువు కలిసే నడుస్తాయి. ఒకదాన్ని గుడ్డిగా పెంచితే దూడ తల్లి కడుపులోనే పెద్దదై ఈత కష్టమవుతుంది. యూరప్ జాతుల వెంట పడిన అమెరికా రైతులు ఈ పాఠం రాత్రిపూట, టార్చిలైటు పట్టుకుని నేర్చుకున్నారు.

మీ ఎద్దుల విషయంలో నాదొక కోరిక. ఏ ఎద్దు ఎంత బండను ఎన్ని అడుగులు లాగిందో మీకు నలభై ఏళ్లది నోటికి వచ్చు. తండ్రి ఎవరో కూడా వచ్చు. మనవడి చేత రాయించండి. ఆ ఫోన్‌కు అంతకంటే మంచి పని లేదు.

ఆదోని నుంచి ఒక రైతు: టేపుతో కొలిచి కోడె బరువు చెప్పవచ్చంటారు, నిజమేనా?

జవాబు: చెప్పవచ్చు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి తోక పక్కన ఉండే పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను దాంతోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు. చుట్టుకొలత 60, పొడవు 50 అయితే 273 కిలోలు వస్తుంది. మందు మోతాదుకు, బేరానికి ఇది చాలు. ఏ కోడె మేలో ఎంచడానికి చాలదు. టేపు ఒక్క అంగుళం వదులైతే 273 కాస్తా 282 అవుతుంది, ఇద్దరు మనుషులు కొలిస్తే ఇద్దరివీ వేరు వేరు కోడెలు అవుతాయి. ఎంపిక కోసమైతే పొద్దున్నే, మేత నీళ్లు పెట్టకముందు, నడిపించుకుపోగలిగినంత దూరంలో ఉన్న వే బ్రిడ్జికి తోలుకుపోండి. మొదటిసారి కోడె ఆ ఇనుప పలక మీద కాలు పెట్టదు. మీద కొంచెం వరిగడ్డి పరిస్తే ఎక్కుతుంది, తూకానికి ముందు దాన్ని ఊడ్చేయండి.

ఆలూరు నుంచి ఒక గృహిణి: మా గొర్రెకు కవలలు పుట్టాయి. పెద్దది పోతు పిల్ల, మూడు నెలలకు 10.8 కిలోలు ఉంది. ఒంటిగా పుట్టిన పోతు పిల్లలు సగటున 11.5 ఉన్నాయి. మా ఆయన దీన్ని చిన్నదని పండగకు అమ్మేద్దాం అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

జవాబు: అమ్మా, అది తల్లి పాలు ఇంకొకరితో పంచుకుని తాగి, తోటివాటికి ఏడువందల గ్రాముల దూరంలో నిలిచింది. అమ్మవద్దు. చెవికి ట్యాగు వేయించి, నోట్‌బుక్కులో "కవల" అని రాసి ఉంచండి. ఆరు నెలలకు మళ్లీ తూచండి, అప్పటికి పాల ముచ్చట తీరిపోయి దాని సొంత ఎదుగుదల బయటపడుతుంది. మీ ఆయనకు పండగకు ఇంకొకటి చూపించండి. ఒంటి పిల్లల్లో 11.5 కంటే తక్కువున్నవి సగం దాకా ఉంటాయి కదా.